అమ్మమ్మ పలకని ఏరు

ఆనందరావు మావయ్య జ్ఞాపకార్థ కూడికకి మొన్న జగ్గయ్యపేట వెళ్ళాను. ఆయన మా అమ్మకి తమ్ముడు. ఎన్నో ఊళ్ళలో కాలేజీ పాఠాలు చెప్పి, రిటైరయ్యాక హైదరాబాదులో ఉండమని అందరూ పోరినా వినకుండా పేటలో ఇల్లు కట్టుకొని, అక్కడే కన్ను మూశాడు. కూడిక ముగిసి, చుట్టాలు భోజనాలు చేసి వెళ్ళిపోయాక ఆయన కోడలు బీరువా మీదనుంచి ఒక మడత తీసి నా చేతిలో పెట్టింది. మావయ్యగారు దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదనీ, అదేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదనీ, నేనే తీసుకెళ్ళాలనీ చెప్పింది. విప్పి చూస్తే ఐరోపా పటం. ఉత్తరాన సముద్రం పక్కన, మడతల దగ్గర చిరుగులు పట్టిన చోట, నదులన్నిటి మీదా నీలం పెన్సిలుతో దిద్దిన గీతలు. ఒక్కో గీత పక్కన చీమల బారులాంటి మావయ్య తెలుగు అక్షరాలు: నెమునస్, దౌగవ, నీపర్. ఎండాకాలం మధ్యాహ్నం మా అమ్మమ్మ గరిటె పట్టుకొని ఎట్లా నిలబడిపోయిందో, అన్నం ముందు మేమంతా ఎట్లా నోళ్ళు తెరుచుకొని కూర్చున్నామో, అంతా కళ్ళ ముందుకి వచ్చింది. ఆ దెబ్బ నుంచి నేను ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదని అప్పుడే తెలిసింది.

మా నాన్న పేటలో కాంపౌండరు. బడికి సెలవులివ్వగానే నన్ను నందిగామ బస్సెక్కించేవారు. అక్కడ మా తాతయ్య యోహాను మాస్టారి ఇల్లు. నాపరాళ్ళు పరిచిన వసారా, పైన పెంకులు, వెనక పొయ్యిల పాక. ఆ ఇంటి వాసన ఇప్పటికీ గుర్తే. తాతయ్య పంచెలకి పెట్టే నీలిమందు, పక్కింటి వాళ్ళు ఆరబెట్టిన పొగాకు, వీధిలో ఎక్కడో కారం దంచుతుంటే ముక్కు పుటాలు అదిరే ఘాటు. తాతయ్య తెల్లవారకముందే లేచి, తన పంచె తనే ఉతుక్కొని, దండెం మీద మడత చెదరకుండా ఆరేసుకొని, అప్పుడు గాని కాఫీ తాగేవారు కాదు. ఆయన తండ్రి ఒకరి పొలంలో పని చేసిన మనిషి. అక్షరం ముక్క నేర్చి, బడిపంతులై, చర్చిలో సంఘపెద్ద కూడా అయిన మొదటివాడు ఆ వంశంలో ఆయనే. అందుకని ఆయన నడకలో, మాటలో, గొడుగు పట్టుకోవడంలో కూడా ఒక జాగ్రత్త ఉండేది. ఎవరో తప్పు పడతారని కనిపెట్టుకొని ఉన్నట్టే బతికారు. అమ్మమ్మ అందుకు పూర్తిగా వేరు. ఎవరొస్తారో ఏమోనని ఎప్పుడూ నాలుగు ముద్దల అన్నం కుండలో వేరే ఉంచేది. గోంగూర వలుస్తూ పాటలు పాడేది. పాటలన్నీ సంఘం పాటలే గాని వాటి వరసలు మాత్రం నాట్లలో పాడేవి. తాతయ్య విని కూడా విననట్టు ఊరుకునేవారు.

భర్త పేరు పలకకూడదన్న పట్టింపు ఆ రోజుల్లో అన్ని ఇళ్ళలోనూ ఉండేది. బాప్తిస్మం తీసుకున్నాక బొట్టు పోయింది, పేర్లు మారాయి, తిరణాలకి వెళ్ళడం మానేశారు. ఈ పట్టింపు మాత్రం ఇంటి చూరు పట్టుకొని వేలాడింది. తాతయ్య పేరేమో యోహాను. బైబిలు తెరిస్తే ఆ పేరే! సాయంకాల ప్రార్థనలో వంతులవారీగా చదివేటప్పుడు అమ్మమ్మ వంతుకి ఆ పేరు వస్తే వేలు దాని మీద పెట్టి, ఒక దగ్గు దగ్గి, అవతలి మాటలోకి దిగేది. యోహాను సువార్తని నాలుగో సువార్త అనేది. పిల్లలం ఆమెని ఎట్లాగైనా ఇరికించాలని చూసేవాళ్ళం. యేసుప్రభువుకి బాప్తిస్మం ఇచ్చింది ఎవరు అమ్మమ్మా అని అడిగితే, ఆయన పేరూ యోహానే గనక, మిడతలు తిన్నాయన అని చెప్పి మా నెత్తిన ఒక మొట్టికాయ వేసేది. తాతయ్య పైకి కళ్ళజోడు సర్దుకుంటూ లోపల మురిసిపోయేవారని నాకు ఆ వయసులోనే అర్థమైంది.

ఆమె పలకని పేరు ఇంకొకటి ఉండేది. కృష్ణ. నదిని పెద్దేరు అనేది. కృష్ణా జిల్లా అనాల్సి వస్తే మన జిల్లా అనేది. వీధి చివర కొట్టు కుర్రాడు కృష్ణమూర్తిని కొట్టబ్బాయి అని పిలిచేది. అన్య దేవుడి పేరు నోట పలకదు కాబట్టే నదిని కూడా ఆ పేరుతో పిలవదని మా ఇంటిల్లిపాదీ అనుకున్నాం. ఇంటిల్లిపాదీ ఏమిటి, సంఘమంతా అదే అనుకుంది. తాతయ్యే ఆ సంగతి పాస్టరు గారికి చెప్పారట. ఆయన ఒక ఆదివారం ప్రసంగంలో మా అమ్మమ్మని చూపించి, మార్తమ్మగారి భక్తి చూసి నేర్చుకోండి అని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రోజు అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల వంచుకు కూర్చుంది. సిగ్గు పడుతోందని ఆడవాళ్ళంతా ముచ్చటపడ్డారు. ఒక ఊరు ఊరంతా ఇంత నిబ్బరంగా, ఇంత ప్రేమగా ఒక తప్పు చేయగలదని నాకు తర్వాత గాని తెలియలేదు.

మావయ్య పూనాలో భాషల చదువు చదివేవాడు. భాషల చదువంటే ఏమిటో మాకు తెలియదు. ఆయనకి ఎన్ని భాషలు వచ్చునని అడిగితే రెండున్నర అనేవాడు. ఆ ఎండాకాలం సెలవులకి వస్తూ ఈ పటం తెచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రమే వసారాలో తాతయ్య సంచిలోనుంచి సుద్దముక్క తీసి, నాపరాళ్ళ మీద పెద్ద సముద్రం గీసి, దాంట్లోకి దిగే నదులు గీశాడు. అది బడి సుద్ద అని తాతయ్య విసుక్కున్నారు గాని కుర్చీ మాత్రం దగ్గరకి జరుపుకున్నారు. ఆ సముద్రం ఒడ్డున లిథువేనియా, లాట్వియా అని రెండు చిన్న దేశాలు ఉన్నాయనీ, వాళ్ళ భాషలు ఐరోపాలో చాలా పాతకాలపు రూపాలు దాచుకున్నాయనీ చెప్పాడు మావయ్య. లిథువేనియా వాళ్ళు నిప్పుని ఉగ్నిస్ అంటారట. కొడుకుని సూనుస్ అంటారట. సంస్కృతంలో అగ్ని, సూను. తాతయ్య కుర్చీలో ముందుకి వంగారు. ఎక్కడి మంచు దేశం, ఎక్కడి మన పంతుళ్ళ సంస్కృతం! తమ్ముడు వస్తున్నాడని పేట నుంచి వచ్చిన మా అమ్మ పని ఆపి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నాకైతే ఎవరో నేల కింద సొరంగం ఉందని చూపించినట్టయింది.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. ఆ సముద్రానికి ఎంతో దూరంగా, మాస్కో వైపు, నీపర్ నది పుట్టేచోట ఉన్న చిన్న చిన్న ఏర్ల పేర్లు ఇప్పుడక్కడ ఉండే రష్యా జనానికి అర్థం కావట. వాళ్ళకి అవి ఉత్త పేర్లు. లిథువేనియా మనిషిని తీసుకెళ్ళి చూపిస్తే చాలావాటికి, ఇది లోతైనది, ఇది నల్లటిది అని అర్థం చెబుతాడట. వాళ్ళ భాషలో ఏరుని ఉపే అంటారనీ, ఆ ముక్క ఎన్నో నదుల పేర్ల చివర తగిలి ఉంటుందనీ చెప్పాడు. అంటే ఒకప్పుడు అంతదూరం దాకా ఆ మాటలు మాట్లాడే జనం ఉండేవాళ్ళు. వాళ్ళు ఏమయ్యారో తెలియదు. ఇళ్ళు లేవు, సమాధులు లేవు, పాటలు లేవు. కొత్తగా వచ్చినవాళ్ళు ఏర్ల పేర్లు మాత్రం అడిగి తెలుసుకొని అట్లాగే పిలుచుకున్నారు. ఇటు పడమటి వైపు ప్రష్యనులని ఇంకో జనం ఉండేవాళ్ళు, వాళ్ళదీ ఇదే కుటుంబం భాష. శిలువ గుర్తు వేసుకున్న జర్మను దొరలు కత్తులు పట్టుకొని వచ్చి వాళ్ళని గెలిచి బాప్తిస్మాలు ఇచ్చారు. కొన్ని తరాలకి ఆ భాష మాట్లాడే మనిషి ఒక్కడు కూడా మిగల్లేదు. నదుల పేర్లూ, ఎవరో రాసిపెట్టిన కాసిని మాటలూ మిగిలాయి.

తాతయ్య మొహం ఎర్రబడింది. శిలువ పేరు చెప్పి అట్లాంటి పని చేశారంటే నమ్మనన్నారు. ఏ పుస్తకంలో ఉందో చూపించమన్నారు. మావయ్య చూపిస్తానన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. అమ్మమ్మ మాత్రం ఆ గొడవ ఏమీ పట్టించుకోకుండా సుద్ద గీతల వైపు చూస్తూ అడిగింది:

"ఆ ఆఖరి మడిసి ఎవురితో మాట్టాడుకునేవాడురా?"

నాకు ఆ రోజు నిద్ర సరిగా పట్టలేదు. మాటలు చచ్చిపోతాయనీ, మనుషులు బతికి ఉండగానే వాళ్ళ మాటలు అర్థమయ్యేవాళ్ళు లేకుండా పోతారనీ నాకెవరూ చెప్పలేదు. బడిలో రాజులు చచ్చిపోవడం చెప్పారు, రాజ్యాలు పోవడం చెప్పారు. తెలుగు కూడా పోతుందా అని మర్నాడు మావయ్యని అడిగితే నవ్వి, మనం పోనిస్తే పోతుంది అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ తర్వాత మావయ్యకి మన ఏర్ల పిచ్చి పట్టింది. తాతయ్య సైకిలు తీసుకొని మున్నేటి ఒడ్డు వెంట ఊళ్ళు తిరిగాడు. చందర్లపాడు వెళ్ళాడు, వత్సవాయి వెళ్ళాడు. ముసలివాళ్ళు ఎక్కడ కూర్చుంటే అక్కడ తనూ కూర్చొని వాగుల పేర్లూ, మడుగుల పేర్లూ అడిగేవాడు. మున్నేరులో ఏరు మనకి తెలుసు, మరి వైరా అంటే ఏమిటి అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పేవారట. ఎండకి నల్లబడి ఇంటికి వచ్చేవాడు. బి.ఏ. చదివినవాడు వాగుల పేర్లు అడుక్కుంటూ తిరుగుతున్నాడని నలుగురూ నవ్వుతున్నారని తాతయ్య బాధ. చివరికి మావయ్య దృష్టి అమ్మమ్మ మీద పడింది. ఆమె పుట్టింది చెవిటికల్లులో, కృష్ణ ఒడ్డున. అక్కడి రేవులు, లంకలు, వాగులు చెప్పమని వంటపాకలో పీట వేసుకొని కూర్చున్నాడు. అమ్మమ్మ వంకాయలు తరుగుతూ హాయిగా చెప్పుకుపోయింది. ఏ వాగు ఎక్కడ ఏట్లో కలుస్తుందో, ఏ రేవులో బట్టలు ఉతికేవారో, ఏ రేవు దాటి వేదాద్రి నరసింహస్వామి తిరణాలకి జనం వెళ్ళేవారో, రామనవమికి ఎక్కడ పందిరి వేసేవారో, అంతా చెప్పింది. ఎన్నేళ్ళకో ఆమెని ఎవరో ఆమె ఊరి సంగతి అడిగారు. ఆమె మొహం నేను అట్లా వెలగడం అంతకుముందు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాం. తాతయ్య, మావయ్య, నేను. మా అమ్మ నీళ్ళు పోస్తోంది. అమ్మమ్మ వడ్డిస్తోంది. మావయ్య చదువుకున్నవాడి కుతూహలంతో, ఇంకే దురుద్దేశమూ లేకుండా, అన్నం కలుపుతూ అడిగాడు:

"అమ్మా, నిన్న నువ్వు నరసింహస్వామి పేరు చెప్పావు, రాముడి పేరు చెప్పావు. ఆ కొట్టు షావుకారు యెంకటేశ్వర్లుని పేరు పెట్టే పిలుస్తావు. మరి ఆ ఒక్క పేరు ఎందుకు చెప్పవు?"

అమ్మమ్మ చేతిలో పప్పు గరిటె ఉంది. అది విస్తరి మీదకి వంగి అట్లాగే ఆగిపోయింది. భక్తి వల్లే అయితే అందరు దేవుళ్ళ పేర్లూ మానేయాలి గదా అని మావయ్య ఇంకా ఏదో అంటున్నాడు. తన లెక్క తేలుతున్న సంతోషంలో ఆమె మొహం చూడలేదు. ఆడవాళ్ళు పేరు దాచేది ఒక్క భర్త కోసమే గదా, నాన్న పేరు అది కాదు గదా అని నవ్వాడు. నవ్వి తలెత్తాడు. అప్పుడు చూశాడు.

అమ్మమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది. ఏమీ లేదని అబద్ధం చెప్పి ఉంటే మేమంతా నమ్మేవాళ్ళం, మరో మాట లేకుండా నమ్మేవాళ్ళం. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు.

"నాకు చిన్నప్పుడే పెళ్ళి చేసారురా. ఆ పిల్లోడు ఏటి ఒడ్డున పుట్టాడని ఏరు పేరే పెట్టుకున్నారు ఆళ్ళు," అంది.

మా అమ్మ చేతిలో చెంబు నేల మీద పడింది. నీళ్ళు విస్తళ్ళ కిందకి పారుతున్నా ఎవరమూ కదల్లేదు. పుట్టినప్పటి నుంచీ ఎవరిని అమ్మా అని పిలుస్తోందో ఆమెకి ఇంకొక పెళ్ళి, ఇంకొక భర్త! మావయ్య విస్తరి ముందు చెయ్యి అట్లాగే పట్టుకొని కొయ్యబారిపోయాడు. తర్వాత కొంచెం కొంచెంగా మిగతా సంగతి తెలిసింది. ఆమెకి ఏడేళ్ళట, ఆ అబ్బాయికి ఇంకో రెండు మూడేళ్ళు ఎక్కువ. పెళ్ళైన ఏడాదే ఊళ్ళో కలరా వచ్చి ఆ అబ్బాయి పోయాడు. గాజులు పగలగొట్టారు. కొత్త గాజులని తను ఏడ్చిందట గాని ఎందుకు పగలగొడుతున్నారో తెలియదట. తర్వాత ఆమె తల్లి బాప్తిస్మం తీసుకొని, పిల్లని నందిగామ తెచ్చి మిషను బోర్డింగులో చేర్చింది. చిట్టెమ్మ అన్న పేరు పోయి మార్తమ్మ వచ్చింది. ఆ అబ్బాయి గురించి ఆమెకి గుర్తున్నదల్లా ఇసకలో చెలమ తవ్వడం నేర్పాడనీ, తవ్వితే వచ్చిన నీళ్ళు మొదట తననే తాగమన్నాడనీ. ఇంతే.

తాతయ్యకి చిన్ననాటి పెళ్ళి సంగతి తెలుసు. పెళ్ళికి ముందే బోర్డింగు నడిపే దొరసాని చెప్పింది. అది పెళ్ళా ఏమన్నానా, బొమ్మలాట అని ఆయన ఆ మాట అక్కడే వదిలేశారు. పిల్లలకి చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆ అబ్బాయి పేరేమిటని ఆయన ఏనాడూ అడగలేదు. అందువల్ల ఆ మధ్యాహ్నం అందరికన్నా పెద్ద దెబ్బ ఆయనకే తగిలింది. విస్తరి ముందునుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు. వసారాలోకి వెళ్ళి నిలబడ్డారు. మావయ్య గీసిన సుద్ద గీతలు అప్పటికీ సగం అట్లాగే ఉన్నాయి.

"అయితే ఇన్నేళ్ళూ నువ్వు దాచింది దేవుడి కోసం గాదన్నమాట," అన్నారు.

ఆ వారం మా ఇంట్లో గడిచినట్టు ఇంకే ఇంట్లోనూ గడవకూడదు. తాతయ్య తిట్టలేదు, చెయ్యెత్తలేదు. తిట్టినా బాగుండేది. అన్నం పెడితే తింటారు, పంచె ఉతుక్కుంటారు, పుస్తకాలు సర్దుకుంటారు. ఆమె ఉన్న వైపు చూడరు. సాయంకాల ప్రార్థనలో ఆమె వంతు రాగానే పుస్తకం తన వైపుకి తిప్పుకొని తనే చదివేస్తారు. ఆయన బాధ ఏమిటో నాకు అప్పుడు సగమే అర్థమైంది. సంఘం ముందు భార్య భక్తిని చూపించి తలెత్తుకున్న మనిషి ఆయన. తన పేరు దాచుకుంటోందని లోపల మురిసిపోయిన మనిషి. ఆ రెండూ ఒక్క పూటలో పోయాయి. మా అమ్మ మధ్యలో పడి, చచ్చిపోయిన చిన్నపిల్లాడి మీద పంతమేమిటి నాన్నా అని అడిగితే, చచ్చిపోయినవాడు కాబట్టే అన్నారట. బతికి ఉన్నవాడితో అయితే ఏదో ఒకటి తేల్చుకోవచ్చు గదా.

శనివారం ఉదయం ఆయన తన తీర్పు చెప్పారు. మర్నాడు ప్రభు భోజన సంస్కారం. మనసులో ఇంకొకడి పేరు పెట్టుకున్న మనిషి తన పక్కన నిలబడి రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి వీల్లేదు. ఆ సాయంత్రం ప్రార్థనకి ముందు అందరి ముందూ ఆ నది పేరు పలకాలి. పలికితే ఇక ఈ మాట ఎత్తరు. పలకకపోతే పాస్టరు గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పి, పెద్దరికం వదులుకొని, ఆమెని సంస్కారానికి రానివ్వద్దంటారు. అమ్మమ్మకి సంస్కారం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకి గాని ఈ మాట ఎంత పెద్దదో తెలియదు. పురిటి మంచం మీదనుంచి లేచి వెళ్ళి తీసుకున్న మనిషి. మావయ్య ఆ రోజంతా గోడకి జేరబడి కూర్చున్నాడు. తన పాఠం వల్లే ఇదంతా అని తల బాదుకున్నాడు. నాతో ఒక మాట అన్నాడు, ఎవరితోనో చెప్పుకోక తప్పనట్టు. పోయిన జనం పేర్లు నదుల్లో ఉంటాయని చదువుకున్నానే గాని, వెతుకుతూ వెతుకుతూ మా అమ్మ నోట్లోకే వస్తాననుకోలేదు అన్నాడు.

మావయ్య ఆ తర్వాత చాలా ఏళ్ళు నదుల పేర్ల మీదే పని చేశాడు. ఏ పల్లెకి వెళ్ళినా, ఆడమనిషి ఏ ఏరు పేరు చెప్పినా, చెప్పకపోయినా, ముందు ఆమె ఇంట్లోవాళ్ళ పేర్లు ఇంకెవరిద్వారానో తెలుసుకునేవాడు. అదీ గుచ్చి అడగకుండా. మా ఇంటి సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు అట్లాంటి జాగ్రత్త అక్కర్లేదు. నా కూతురు మొగుణ్ణి పేరు పెట్టి వంటింట్లోంచి కేక వేస్తుంది, అతను హాయిగా పలుకుతాడు. నాకు అందులో తప్పేమీ కనబడదు, పైగా సరదాగా ఉంటుంది. నేను మా ఆయన్ని పేరుతో పిలిచింది మాత్రం ఆస్పత్రిలో, డాక్టరు పిలవమంటే, ఆయన కళ్ళు తెరవనప్పుడు. పేర్లు దాచుకోవడం మంచిదని నేను అనను. ఆడవాళ్ళ చేత ఎన్నెన్నో దాయించారు, వాటిలో ఇదొకటి. అయినా ఒక మనిషిని నోట పలకకుండా రోజూ తలుచుకోవడం ఒకటి ఉండేదనీ, అది ఇప్పుడు లేదనీ మాత్రం తెలుసు. మొన్న పేట నుంచి వస్తుంటే కారు మున్నేరు ఎప్పుడు దాటిందో కూడా చూసుకోలేదు. అంత పెద్ద వంతెన, అంత వేగం.

ఆ శనివారం సాయంత్రం వసారాలో చాప పరిచారు. తాతయ్య కుర్చీలో కూర్చున్నారు, పుస్తకం ఒళ్ళో ఉంది. మా అమ్మ, మావయ్య, నేను ఒక పక్కగా కూర్చున్నాం. అమ్మమ్మ వచ్చి ఎదురుగా చాప కొస మీద కూర్చుంది. స్నానం చేసి, తెల్లచీర కట్టుకుంది, మర్నాడు కట్టుకోవాల్సింది. ఆమె ఏదో నిశ్చయించుకునే వచ్చిందని తెలిసిపోయింది. అది అందరూ రోజూ అనే మాటే, జిల్లా పేరే అది, బడిలో పసిపిల్లలు కూడా రాస్తారు, చెప్పు అన్నారు తాతయ్య. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నట్టే ఉంది.

అమ్మమ్మ తల ఎత్తి ఆయన్నే చూసింది.

"మాస్టారూ, మిమ్మల్ని ఊరంతా పేరు పెట్టి పిలుస్తానే ఉంటది. ఆ పిల్లోడి అమ్మా అయ్యా పోయారు. తోడబుట్టినోళ్ళు లేరు. ఆడు ఒకడు ఉండేవాడని భూమ్మీద ఎరిగింది నేనొక్కదాన్నే. నేను కూడా అందరిమల్లే ఆ పేరు అనేస్తే ఇంక అది ఉత్త ఏరే. ఆడు లేనట్టే."

తాతయ్య ఏదో అనబోయారు. ఆమె ఆపింది. నా ఎరుకలో ఆయన మాటకి ఆమె అడ్డం రావడం అదే మొదటిసారి.

"నాకు రేపు రొట్టె వద్దంటే వద్దు. మీ మీద గౌరవం లేక గాదు. అది మీకు తెలవాలంటే ఇంకోటి చెప్తా. ఆ పేరు చెప్పలేను గానీ, మీది చెప్తా."

అని, కొంగు భుజం మీద సర్దుకొని, మమ్మల్నందరినీ ఒకసారి చూసి, "యోహాను," అంది.

మా అమ్మ చెవులు మూసుకుంది. నిజంగానే రెండు చేతులతో మూసుకుంది. ఇల్లు కూలిపోతుందేమోనని నేను పైకప్పు వైపు చూశాను. దగ్గులు దగ్గి, వేలు అడ్డం పెట్టి, నాలుగో సువార్త అని పేరు మార్చి, నలభై ఏళ్ళు తప్పించుకు తిరిగిన మాట, ఇంతమంది ముందు, ఇంత మామూలుగా, గారు కూడా లేకుండా! మావయ్య నోరు తెరుచుకొని చూస్తున్నాడు. తాతయ్య మొహంలోకి చూడడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి నేనే చూశాను. ఆయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. పుస్తకం ఒళ్ళోంచి జారి కింద పడినా తెలియలేదు. ఎవరో వీపు మీద చరిచినట్టు ఆయన మొహం అదిరిపోయి, కాసేపటికి మెల్లగా మెత్తబడింది. ఆ ముసలాయన నాకు మొట్టమొదటిసారి చిన్నవాడిలా కనిపించారు. నందిగామలో ఆ పేరుతో ఆయన్ని పిలవనివాళ్ళు లేరు. అది అప్పుడే మొదటిసారి విన్నట్టున్నారు.

"ఇంకోసారి అను," అన్నారు.

అమ్మమ్మ అనలేదు. ఎసరు మరుగుతోందని చెప్పి లేచి పాకలోకి వెళ్ళిపోయింది. తాతయ్య పాక వైపే చూస్తూ కూర్చున్నారు. పుస్తకం తీసి చేతికి ఇద్దామా అని మావయ్య లేవబోతే మా అమ్మ వద్దని చెయ్యి పట్టుకొని ఆపింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన జరగలేదు.